రెండు సీట్ల బండికి నాలుగు కవర్లు

ఆదివారం పొద్దున నేను లేచి వచ్చేసరికి హాల్లో సోఫా మీద నాలుగు సీటు కవర్లు మడిచి పెట్టి ఉన్నాయి.

మెరూన్ రంగు రెక్సిన్. అంచుకు మీగడ రంగు పైపింగ్. కుట్టు ఎంత సన్నగా ఉందంటే వేలితో నిమరకుండా ఉండలేకపోయాను. నిమిరాక లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

మళ్లీ లెక్కపెట్టాను. నాలుగే.

మా ఆయన దర్శన్ మనసుపడ్డ బండికి ఉన్నవి రెండే సీట్లు.

"మామ ఏరీ అత్తా?"

"కింద అంగట్లో ఉండాడు. కాఫీ గూడా తాగల్య." అత్తమ్మ పెనం మీద నీళ్లు చిలకరించింది. అది చుయ్‌మంది. "మూడు దినాలుగా మధ్యాహ్నం కూటికి పైకి రాకుండా అవే కుట్టినాడు. చూసినావు కదా? నాలుగు."

రెండు చాలు కదత్తా అనబోయి మింగేశాను.

మా మామ పెద్దమునియప్పది బెంగళూరు నగర్తపేటలో సీటు కవర్ల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బండి ఇంటికి రాకముందే దానికి కవర్లు కుట్టి, వాటికి పసుపు కుంకుమ పెట్టాలి. స్కూటరుకీ అంతే, ఆమ్నీ వ్యానుకీ అంతే. పెళ్లయిన వారానికి నాకోసం వాషింగ్ మిషన్ కొంటామని అనుకున్నారో లేదో, మర్నాటికల్లా దాని కవరు తయారు. మిషన్ మాత్రం పది రోజులకి వచ్చింది. ఆ పది రోజులూ ఆ ఖాళీ కవరుని చూసినప్పుడల్లా నాకు ఎంత సంబరమో!

మామ నోరు తెరిచి ఎవర్నీ వద్దనడు. అనాల్సింది కుట్టి పెడతాడు. ఈసారి నాలుగు కుట్టాడు.

అంతా పోయిన శనివారం పప్పన్నం దగ్గర మొదలైంది. "రెండే సీట్లయితే ఏమమ్మా? ఇద్దరం పోతాం, ఇద్దరం వస్తాం" అన్నాడు దర్శన్, అన్నం కలుపుకుంటూ, లోకం తెలియని పిల్లాడిలా. అత్తమ్మ గరిటె కింద పెట్టేసింది. "అంటే ఈ ఇంట్లో ఇంక ఇద్దరేనా మనుషులు?" అంది.

అంతే. ఎనిమిది రోజులైంది. కొడుకుతో ఒక్క మాట లేదు. నాతో మాట్లాడుతుంది. కొడుకుతో మాట్లాడాల్సింది కూడా నాతోనే మాట్లాడుతుంది.

"వర్షిణీ, ఆయప్పకు ఇంగో దోసె కావల్నా అడుగు."

ఆ అప్ప నాకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు.

"దోసె కావాలా అండీ?" అన్నాను. మేమిద్దరమే ఉంటే నువ్వు, నలుగురిలో మీరు. ఈ మార్చడంలో కూడా నాకు భలే సరదా.

"చాలని చెప్పు."

"చాలంట అత్తా."

"వినిపిచ్చింది. రాత్రి గూడా సరిగ్గా తినల్య. ఎవురి మీద కోపమో అడుగు."

"ఎవరి మీదండీ?"

"ఎవరి మీదా లేదని చెప్పు. అమ్మ చెట్నీలో ఉప్పు మర్చిపోయిందని కూడా చెప్పు."

అత్తమ్మ ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. కొడుకు ముందు కాదు, నా ముందు. నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను. పెళ్లయి నలభై ఒక్క రోజులు. కాపురం ఇంత కామెడీగా ఉంటుందని తిరుపతిలో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

కానీ నవ్వు వెనకాల భయం ఉంది. అత్తమ్మ అనుమానం కారు గురించి కాదని నాకు తెలుసు. రెండు సీట్లంటే వేరు కాపురం అని ఆమె లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పు కాదని కూడా నాకు తెలుసు. దర్శన్ ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. పదిహేను రోజుల కింద మేమిద్దరం ఆఫీసు దగ్గర అద్దెకి ఒక ఫ్లాట్ చూసొచ్చాం. మూడు గదులు, రెండు బాల్కనీలు. ఇంట్లో చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ఈ కారు గొడవ వచ్చి మీద పడింది.

మామ మెట్లెక్కి వచ్చాడు. మెళ్లో టేపు, చెవి మీద చాక్‌పీసు.

"ఆమ్నీ తీస్తాను. అందరూ బయలుదేరండి."

"అందరూ ఎందుకు నాన్నా?" అన్నాడు దర్శన్. "ఏ బండో నేనింకా తేల్చుకోలేదు. కూపేనా, ఓపెన్ టాపా..."

"రెండిటికీ వేసి చూస్తాము. కవరు వేసి చూడకుండా బండి కొనేది ఈ ఇంట్లో లేదు."

"నేను రాను" అంది అత్తమ్మ గోడతో.

"నీవు రాకుంటే వెనక సీటు ఎట్లుండాదని ఎవురు చెప్తారే?"

అత్తమ్మ చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు కొప్పులో కనకాంబరాలు ఉన్నాయి. రానని మొండికేసిన మనిషి పూలు ఎప్పుడు పెట్టుకుందో!

*

బండ్లు రెండూ వైట్‌ఫీల్డ్‌లో జెస్సీ గారి షెడ్డులో ఉన్నాయి. ఆమెది నెల్లూరు. ఇక్కడే టీచరుగా చేసి రిటైరయ్యారు. కార్ల పిచ్చి ఆమెది కాదు, అన్నగారిది. ఆయనకి చూపు తగ్గింది, నడపలేడు. అందుకే అమ్మేస్తున్నారు.

"రండి రండి. చూడండి బాబూ, రెండిట్లో ఒకటి మీది. మిగిలింది సాయంత్రం కోయంబత్తూరు వాళ్లు పట్టుకెళ్తారు. సాయంత్రం అంటే సాయంత్రమే. మా అన్న ఇంకోరోజు వీటిని తడుముకుంటూ కూర్చుంటే నేను చూళ్లేను" అన్నారు.

ఎడమ పక్క కూపే. జపాన్‌ది, ఎనభై ఎనిమిదో సంవత్సరం మోడల్. వెండి రంగు, గట్టి పైకప్పు, రెండే తలుపులు, వెనక చిన్న సీటు. జెస్సీ గారు మీట నొక్కితే బానెట్‌లోంచి రెండు లైట్లు నిద్ర లేచినట్టు పైకి లేచాయి. నేను చప్పట్లు కొట్టాను. మళ్లీ నొక్కమన్నాను. మూడోసారి అడగడానికి సిగ్గేసింది.

కుడి పక్క ఓపెన్ టాప్. ఇంగ్లండ్‌లో తయారైంది, డెబ్భై ఒకటి మోడల్. ముదురాకుపచ్చ. ఎంత పొట్టిగా ఉందంటే నిలబడే లోపలికి తొంగిచూసి సీటు మీద దుమ్ము తుడవొచ్చు. రెండే సీట్లు. గుడ్డ టాపు విప్పి దండెం మీద వేసి ఉంది. రెండుచోట్ల చిరిగింది.

దర్శన్ జేబులోంచి కాగితం తీశాడు. ఆఫీసు కంప్యూటర్లో చేసుకొచ్చిన మార్కుల పట్టిక. సామాన్లు దొరకడం, పెట్రోలు, వాన, బ్రేకులు, అందం, అన్నిటికీ మార్కులు. కూపేకి పద్నాలుగు, ఓపెన్ టాప్‌కి పదకొండు.

"కూపేనే తీసుకుందాం" అన్నాడు. అంటున్నప్పుడు చెయ్యి మాత్రం ఆకుపచ్చ బండి బానెట్ మీద ఉంది.

మామ కూపే ముందు సీట్లకి కవర్లు తొడిగాడు. సరిపోయాయి. వెనక సీటుకి తొడిగాడు. అవీ సరిపోయాయి. కొలతలు ఎలా తెలిశాయని అడిగాను.

"బుధవారమే వచ్చి కొల్చుకొని పోయినాడమ్మా మీ మామ" అన్నారు జెస్సీ గారు. "ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఓపెన్ టాప్ కొలతలు కూడా తీసుకోండి అంటే, ఆ బండి కథ మాకొద్దులేమ్మా అన్నాడు."

మామ వినపడనట్టు రెక్సిన్ సర్దుతున్నాడు.

"ఎక్కు" అన్నాడు అత్తమ్మతో.

ముందు సీటు వంచి, జరిపి, దారి చేశాడు. అత్తమ్మ ఒక కాలు పెట్టింది, తల వంచింది, నడుము వంచింది, రెండో కాలు లాక్కుంది. నేను కుచ్చిళ్లు అందించాను. మామ ముందు సీటు వెనక్కి నెట్టాడు. టక్‌మని పడింది.

"ఏమే, ఎట్లుండాది?"

"మోకాళ్లు గడ్డానికి తగుల్తుండాయి. బాగుండక ఏమి."

"అమ్మా, కొంచెం పక్కకి తిరిగి కూర్చుంటే..." అన్నాడు దర్శన్.

"వర్షిణీ, పక్కకు తిరిగితే ఎవురి మొగం చూడల్లో అడుగు. అద్దంలో నా మొగమేనా?"

"పక్కన నేనుంటాను కదే" అన్నాడు మామ.

"నీవా! నీవు ఎక్కితే నేను డిక్కీలో ఉండల్ల. సాకు, సాకు, చాలింక, దింపండి నన్ను."

మామ మీట లాగాడు. సీటు కదల్లేదు. దర్శన్ లాగాడు. కదల్లేదు. ఎన్నాళ్లుగానో వాడని సీటు, కింది పట్టాలు తుప్పుతో బిగుసుకుపోయాయి.

"ఇర్కుంటిని" అంది అత్తమ్మ లోపల్నుంచి, చాలా ప్రశాంతంగా.

ముప్పై ఏళ్లుగా సీట్లు విప్పుతున్న మనిషి భార్య సీటు వెనకే ఇరుక్కుంటే ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో నేను వర్ణించలేను. మామ ఆమ్నీలోంచి స్పానర్లు తెచ్చుకుని నేల మీద పడుకున్నాడు. దర్శన్ కాగితం నా చేతిలో పెట్టి అటు పక్క నుంచి టార్చి పట్టాడు.

"చేతిలో ఏమది?" అంది అత్తమ్మ కిటికీ అద్దం లోంచి నన్ను చూసి.

ఇవ్వాలా వద్దా అని ఆలోచించే లోపే చెయ్యి చాపింది. ఇచ్చాను. ఆమె చదువుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది.

"అమ్మా నాన్నా కూర్చునే దానికి, అని రాసుండాది. కూపేకి అయిదు. ఆ బండికి సున్నా. ఏమమ్మా ఇది?"

"అదే అత్తా... వెనక సీటు మీకోసమని. అయిదుకి అయిదు వేశారు."

"ఈ అయిదు తీసేస్తే?"

మనసులో లెక్క వేసుకున్నాను. "ఆకుపచ్చదే గెలుస్తుంది."

అత్తమ్మ కాగితం మడిచింది. టార్చి పట్టుకున్న కొడుకు నడినెత్తి కేసి చూస్తూ ఉంది. దర్శన్ తల ఎత్తలేదు.

"తీసేయమను" అంది.

సీటు ఊడి వచ్చింది. మామా నేనూ చెరో చెయ్యీ పట్టి లాగితే అత్తమ్మ బయటపడింది. చీర దులుపుకుంది. నడుము పట్టుకుని నిలబడింది. అందరం ఆమె మొహం కేసే చూస్తున్నాం. ఆమె గబగబా ఆకుపచ్చ బండి దగ్గరికి నడిచి, తలుపు తెరుచుకుని, ముందు సీట్లో కూర్చుంది.

కాళ్లు చాపింది. పైకి చూసింది. షెడ్డు రేకు కనిపించింది.

"వర్షిణీ, నడపమ..." అని ఆగింది. తల తిప్పి కొడుకుని చూసింది.

"నడుపప్పా."

ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట! దర్శన్ జెస్సీ గారి దగ్గర తాళం చెవి అందుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఎక్కడికమ్మా?"

"రోడ్డు ఉండేదాకా పో."

బండి గురకపెట్టి, దగ్గి, గేటు దాటింది. మలుపు దగ్గర కనకాంబరాల దండ ఒకటి గాల్లోకి లేచి రోడ్డు మీద పడింది. నేను పరుగెత్తి తెచ్చుకున్నాను. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. అంత హాయిగా ఎప్పుడు ఏడ్చానో గుర్తులేదు.

*

పది నిమిషాలైంది. ఇరవై అయింది. జెస్సీ గారు కాఫీ ఇచ్చారు. ముప్పై అయింది. ఆకాశం మబ్బు పట్టింది.

మామ దండెం మీద నుంచి చిరిగిన టాపు దించి నేల మీద పరిచాడు. టేపు పెట్టి కొలిచాడు. చెవి మీది చాక్‌తో గీత గీశాడు. తర్వాత కూపేలోంచి వెనక సీటు కవర్లు రెండూ విప్పి తెచ్చుకుని, బ్లేడుతో కుట్లు కోయడం మొదలుపెట్టాడు.

"మామా! అవి మూడు రోజులు కుట్టారు!"

"వెనక కూర్చోవాల్సింది ముందుకు పోయె కదమ్మా. ఇంక ఇవి ఎందుకు? టాపుకు సరిపోతాది."

"మెరూన్ రంగు. బండి ఆకుపచ్చ."

"గోరింటాకు పెట్టుకున్నట్టు ఉంటాది. నీకు నచ్చదా?"

నాకు భలే నచ్చింది. పక్కన కూర్చుని, కోసిన దారపు ముక్కలు ఏరాను. ఆ ఏరడంలో ధైర్యం వచ్చింది.

"మామా, ఒక మాట దాచాం. నేనే ముందు చెప్పాల్సింది. ఇక్కడికి దగ్గర్లోనే..."

"ఫ్లాటు కదా."

నా చేతిలో దారాలు జారిపోయాయి.

"స్కూటరు సీటు కింద కాగితం పెట్టినాడు మీ ఆయన. రూములు గీసింది." మామ బ్లేడు ఆపలేదు. "పోయిన వారం సీటు కుట్టు ఊడిందని విప్పితిని. ఈ ఊర్లో ఎవురు సీటు కింద ఏమి దాచినా నాకు తెలుస్తాదమ్మా."

"మరి అడగలేదే?"

"అడిగితే మీ అత్తకు చెప్పల్ల. చెప్తే ఏడుస్తాది. అందుకే నాలుగు కవర్లు కుట్టితి. నాలుగు సీట్లుంటే, ఎంత దూరం పోయినా ఆదివారం వచ్చి మమ్మల్ని ఎక్కించుకొని పోతారని." రెక్సిన్ ముక్క దులిపాడు. "పిచ్చి ఆశ."

అడగని మనిషి దగ్గర దాచాం మేము. దాచింది తెలిసీ అడగలేదు ఆయన. నలుగురున్న ఇంట్లో ముగ్గురం ఒకే మాటని, ఒకరికి తెలియకుండా ఒకరం, అత్తమ్మ దగ్గర దాస్తూ వచ్చాం.

"మామా," అన్నాను, "ఆ కాగితంలో ఎన్ని గదులున్నాయో చూశారా?"

ఆయన తల ఎత్తాడు. అప్పుడే గేటు దగ్గర దగ్గు వినిపించింది. మనిషిది కాదు, బండిది.

మొదటి చినుకులు పడుతున్నాయి. ఆకుపచ్చ బండి షెడ్డులోకి వచ్చి ఆగింది. అత్తమ్మ కొప్పు పూర్తిగా ఊడిపోయి జుట్టు భుజాల మీద పడి ఉంది. మొహమంతా దుమ్ము. కళ్లు మెరుస్తున్నాయి. పెళ్లిలో కూడా ఆమెని ఇంత చిన్నపిల్లలా నేను చూడలేదు.

దర్శన్ మాత్రం వాన మొత్తం తన ఒక్కడి మీదే పడ్డట్టు ఉన్నాడు.

"ఏమే, ఇంతసేపు?" అన్నాడు మామ, బ్లేడు వెనక్కి పెట్టుకుంటూ.

"పెట్రోలు పట్టించినాము. జామకాయలు తింటిమి. ఎవురో పిల్లోళ్లు టాటా చెప్పిరి, నేనూ చెప్తిని." అత్తమ్మ దిగకుండా సీట్లో కూర్చునే జుట్టు ముడి వేసుకుంది. "ఇదే తీసుకోండి. ఎండకు, గాలికి దాపరికం లేని బండి. దాంట్లో కూర్చుంటే మనిషి నోట్లో గూడా ఏమీ ఆగదు. వీడు రెండో మలుపులోనే అంతా చెప్పేసినాడు."

నేను దర్శన్ కేసి చూశాను. అతను బానెట్ కేసి చూశాడు.

"ఏడ్చినావా?" అన్నాడు మామ మెల్లగా.

"ఎందుకేడ్చల్ల? ఆ ఫ్లాటుకు పోయి చూసొస్తిమి. వాచ్‌మేన్ తాళం తీసె." అత్తమ్మ తలుపు తెరిచి దిగింది. నేల మీద పరిచిన మెరూన్ ముక్కలు చూసింది, చాక్ గీతలు చూసింది, ఏమీ అడగలేదు. నా ముందుకి వచ్చి నిలబడింది. నా చేతిలో ఇంకా ఆమె కనకాంబరాల దండ ఉంది.

"వంటిల్లు చిన్నది. అయినా ఓకే. హాలు ఓకే. మీ రూము చూసినాను. అప్పప్పుడు వచ్చేవాళ్లకని ఇంగోటి చూపిచ్చినాడు. మూడోది ఒకటి ఉండాది, తూర్పు కిటికీ. కింద షెడ్డులాంటిది గూడా ఉండాది, కుట్టుమిషను పట్టేంత. ఆ రూము ఎవురికప్పా అని అడిగితిని. వీడు నోరు తెరవల్య. వర్షిణిని అడుగు, ఆ రూముకు కర్టెన్ల రంగు గూడా ఆమే అనుకునింది అన్నాడు."

రేకు మీద వాన పెద్దదైంది. మామ టేపు చుట్టడం ఆపేశాడు.

ఎనిమిది రోజులుగా ఆమె మాటలన్నీ నాలోంచి ఇంకొకరికి వెళ్లాయి. ఇప్పుడు మాత్రం నన్నే అడుగుతోంది, నా మాటే కావాలని. దోసె గురించి కాదు, ఆమెకీ మామకీ అని నేను మనసులో అనుకున్న గది గురించి.

"చెప్పమ్మా" అంది అత్తమ్మ. "ఎవురికి?"